పాత కారు బోరుకొచ్చిందా? లెక్క మీరూ చూడండి

మీ శ్రీవారు సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విడుస్తూనే "కారు ఇంజను పోయిందట, మార్చాల్సిందేనట" అన్నారనుకోండి. మీరేం చేస్తారు? "అయ్యో, ఎంతవుతుందట?" అని ఒక్క ప్రశ్న వేసి, ఆయన చెప్పిన అంకె విని గుండె మీద చేయి వేసుకుని, పొయ్యి మీద పప్పు గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్ళిపోతారు. అవునా? బండి సంగతి మగవాళ్ళది, మనకెందుకులే అనుకుంటాం. కానీ ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలి? మీరు నెలనెలా కట్టుకుంటూ వచ్చిన చిట్టీ ఎత్తాలి. లేదా అమ్మాయి కాలేజీ ఫీజుకని దాచింది తీయాలి. అదీ కాకపోతే బీరువాలోని మీ గొలుసు బ్యాంకు మెట్లెక్కాలి. అలాంటప్పుడు నాలుగు ప్రశ్నలు మనమూ అడగొద్దా?

ఇంజను గురించి మనకేం తెలుసని భయపడకండి. కుక్కరుకు గాస్కెట్ మార్చిన చేతికి, అడుగంటిన గిన్నె తోమిన చేతికి ఇందులో అర్థం కానిది పెద్దగా ఏమీ లేదు.

పాత చిన్న కారంటే మనకు ముందు గుర్తొచ్చేది మారుతి 800. 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళంచెవి అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ చేతుల మీదుగా యజమానికి అందింది. మూడు సిలిండర్లు, 796 సీసీ ఇంజను. 2000 ప్రాంతంలో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ పద్ధతి వచ్చింది. కాలుష్యం నిబంధనలు మారడంతో 2010 ఏప్రిల్లో హైదరాబాదు లాంటి పెద్ద నగరాల్లో అమ్మకం ఆగింది. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. అప్పటికి పాతిక లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. అంటే అన్నిటికన్నా చిన్నదానికి కూడా పదేళ్ళు ఎప్పుడో నిండాయి. అయినా మన సిద్దిపేట వీధుల్లో ఇవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కొన్నిటి మీద పాత మెదక్ జిల్లా నంబరు ఏపీ 23 ఉంటుంది. కొత్త జిల్లాలు వచ్చాక మనకు టీఎస్ 36 ఇచ్చారు. అంతకుముందు ఏపీ 36 అంటే వరంగల్. చేర్యాల వైపు వాళ్ళకు ఆ 36 పాత చుట్టమే.

సరే, అసలు విషయానికి వద్దాం. "ఇంజను పోయింది" అనేది రోగం పేరు కాదు. "పిల్లాడికి బాగాలేదు" అన్నట్టు ఉంటుంది ఆ మాట. జలుబూ కావచ్చు, టైఫాయిడూ కావచ్చు. ఏం పోయిందో తెలియకుండా మందు కొనం కదా.

మా వీధిలో ఒక వదిన ఉన్నారు. సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ కొమురవెల్లి మల్లన్న దర్శనానికి వెళ్ళారు. జాతర రోజులు, బండ్లు నత్తల్లా పోతున్నాయి. కారు ముందు రేడియేటర్ దగ్గర ఒక ఫ్యాను ఉంటుంది. బండి నెమ్మదిగా పోయేటప్పుడు గాలి కొట్టి ఇంజనును చల్లబరిచేది అదే. అది తిరగడం మానేసింది. డాష్‌బోర్డు మీద వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాకా పోయింది. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అని అన్నగారు నడిపించారు. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చాక గానీ ఆపలేదు. ఆపగానే గుడ్డతో రేడియేటర్ మూత పట్టుకుని తిప్పబోతే వదిన చేయి పట్టి లాగారట. "విజిల్ పడకముందే కుక్కర్ మూత తీస్తరా ఎవరన్నా?" అని. నూటికి నూరుపాళ్ళు సరైన మాట. లోపలి నీళ్ళు ఒత్తిడి మీద కాగుతుంటాయి, మూత వదులైతే మొహం మీదికి చిమ్ముతాయి. అరగంట, ముప్పావుగంట ఆగి, చేయి పెట్టి చూసి, అప్పుడే తీయాలి. కాలిన ఇంజనులో చల్లనీళ్ళు పోసినా ముప్పే. పొయ్యి మీద కాలిన గాజు గిన్నెను సింకులో పెట్టినట్టే.

మర్నాడు షెడ్డులో మెకానిక్ చూసి, "బోరుకొచ్చింది వదినా, ఇంజన్ పూరా మార్చుడే" అన్నాడు. వదిన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "మారుద్దాం తమ్మీ. లోపల ఏం పోయిందో జర ఇప్పి చూపియ్యి" అన్నారు. విప్పితే తేలిందేమిటి? ఇంజనుకు పైభాగం ఒకటి, కింది భాగం ఒకటి. పైదాన్ని హెడ్ అంటారు, కిందిదాన్ని బ్లాకు అంటారు. రెండింటి మధ్య కుక్కరుకున్నట్టే ఒక గాస్కెట్. అది కాలిపోయింది. హెడ్ అల్యూమినియంది కాబట్టి వేడికి కొంచెం వంగింది. ఖాళీగా మంట మీద మర్చిపోయిన అల్యూమినియం గిన్నె ఎలా వంగుతుందో మీకు నేను చెప్పాలా? హెడ్డును లేత్‌కు పంపి చదును చేయించారు. ఫేసింగ్ అంటారు దాన్ని. కొత్త గాస్కెట్ వేశారు, ఫ్యాను బాగు చేశారు. ఇంజను మార్పుకు చెప్పిన మొత్తంలో నాలుగో వంతు కూడా కాలేదు. ఆ మెకానిక్ మోసగాడని నేననను. విప్పకుండా చెప్పాడు, అంతే.

విప్పకముందే కొన్ని గుర్తులు మనకూ కనిపిస్తాయి. ఇంజను ఆయిల్ చూసే పుల్ల ఒకటుంటుంది. దాన్ని లాగి చూసినప్పుడు ఆయిల్ నల్లగా ఉంటే ఫరవాలేదు. పాలు కలిపిన కాఫీలా ఉంటే అందులో నీళ్ళు కలిశాయన్నమాట. గాస్కెట్ మీద అనుమానపడాలి. వెనక గొట్టంలోంచి నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోంది, పిస్టన్ రింగులో, వాల్వు సీళ్ళో అరిగాయి. నల్ల పొగైతే పెట్రోలు ఎక్కువ పోతోంది, దానికి ఇంజను మార్చనవసరం లేదు. తెల్ల పొగ ఆగకుండా వస్తూ నీళ్ళు తగ్గిపోతుంటే మళ్ళీ గాస్కెట్టే. చలికాలం పొద్దున కాసేపు వచ్చే ఆవిరికి మాత్రం కంగారుపడకండి. ఇవి కాక, కంప్రెషన్ పరీక్ష అని ఒకటుంది. స్పార్క్ ప్లగ్ తీసి ఆ రంధ్రంలో మీటరు పెట్టి చూస్తారు. మూడు సిలిండర్లలో అంకెలు ఇంచుమించు సమానంగా ఉండాలి. ఒకటి బాగా తక్కువుంటే జబ్బు అక్కడ. చేయించి ఆ మూడు అంకెలూ కాగితం మీద రాయించుకు రమ్మనండి. ఇంకో షెడ్డులో చూపించుకోవడానికీ పనికొస్తాయి.

ఇక నిజంగానే ఇంజను పోయిన ఇల్లు ఒకటి చెబుతాను. రాజీవ్ రహదారి పక్క పల్లెలో మాకు దూరపు చుట్టం, వరసకు చెల్లెలు. వాళ్ళది 2009 నాటి 800. అత్తగారికి డయాలసిస్, వారానికి రెండుసార్లు సిద్దిపేట తీసుకురావాలి. ఒకరోజు తిరుగు ప్రయాణంలో డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. ముక్కున్న నూనె జారీ బొమ్మ ఉంటుంది చూడండి, అది. వేడి ముల్లు మామూలుగానే ఉంది కదా అని మరిదిగారు నడిపారు. ఆ దీపం వెలిగిందంటే ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని. గ్రైండరు రాయి పప్పు లేకుండా తిరిగితే ఎలా అరుస్తుంది? అంతకు నూరింతలు అనుకోండి. ఇంటికి రెండు మైళ్ళ దూరంలో పెద్ద చప్పుడు. లోపలి కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకు గోడకే చిల్లు పెట్టింది.

బ్లాకు బాగుంటే ఫుల్ ఇంజను పని చేయించుకోవచ్చు. సిలిండర్లకు బోరు కొట్టి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి, వాల్వులు సరిచేస్తారు. నా ఓటు ఎప్పుడూ దానికే. రోజులు ఎక్కువ పడతాయి, కానీ మీ ఇంజను మీదే, దాని నంబరూ మారదు. కాగితాల గొడవ ఉండదు. చిల్లు పడ్డ బ్లాకుకు ఆ దారి లేదు. కంపెనీ కొత్త ఇంజను అంటారా, తయారీ ఆగిన కారుకు దొరకడం కష్టం, దొరికినా కారు ధరను మించిపోవచ్చు. కాబట్టి వాళ్ళకు మిగిలింది రెండే: ఇంకో కారులోంచి తీసిన పాత ఇంజను వేయించడం, లేదా కారును తుక్కు కింద అమ్మేయడం.

"అమ్మేసి ఆటో మాట్లాడుకుందాం" అన్నారు మరిదిగారు. చెల్లెలు పాల లెక్క రాసే పుస్తకం తీసింది. రానూపోనూ, అక్కడ ఆగడానికీ కలిపి ఆటో 800 అడుగుతున్నాడు. వారానికి 1,600, నెలకు దాదాపు 7,000. ఇంజను మార్పుకు చెప్పింది అంతా కలిపి 32,000. అయిదు నెలలు తిరక్కుండానే ఆ డబ్బు ఆటోవాడికి పోతుంది. రాత్రిపూట ఆవిడకు ఆయాసం వస్తే ఆటో కోసం ఎక్కడ వెతకాలనేది ఈ లెక్కలో లేనే లేదు. "కారు ధరెంత అని కాదు బావా, కారు లేకపోతే ఖర్చెంత అని చూడుండ్రి" అందట. లెక్క అలా చూడాలి. మీ ఇంట్లో కారు నెలకోసారి పెళ్ళికో పేరంటానికో బయటికి తీసేదైతే ఇదే లెక్క తిరగబడుతుంది. అప్పుడు అమ్మేయడమే మేలని నేనే చెబుతాను.

డబ్బు తీసే ముందు ఇంకో రెండు చూడాలి. ఒకటి, కారు అడుగు. కాళ్ళ కింద చాప ఎత్తి చూడండి, తుప్పు పట్టి రోడ్డు కనిపిస్తుంటే ఆ బండికి ఇంజను దండగ. రెండోది, ఆర్సీలో గడువు తేదీ. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకే. ఆ తర్వాత బండిని రవాణా శాఖ వారికి చూపించి, అయిదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించాలి. 600 ఉన్న ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 20 ఏళ్ళు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. పైన గ్రీన్ టాక్స్. ఇంజను వేయించిన మూడు నెలలకే ఈ ఖర్చు వచ్చి పడితే మీ బడ్జెట్ తలకిందులవుతుంది. చెల్లెలి వాళ్ళు 2024లోనే రెన్యూవల్ చేయించారు కాబట్టి 2029 దాకా నిశ్చింత.

బీమా ఇస్తుందేమోనని ఆశపడకండి. అరిగిపోయి, ఆయిల్ లేక పాడైన ఇంజనుకు మామూలు పాలసీ పైసా ఇవ్వదు.

పాత ఇంజన్ల కోసం మనవాళ్ళు హైదరాబాదు పోతారు, విజయవాడ ఆటోనగర్ దాకా పోయేవాళ్ళూ ఉన్నారు. అక్కడే జాగ్రత్తగా ఉండాలి. "అన్నీ 796 సీసీలే, ఏదైనా పడుతుంది" అంటారు. పడదు. కార్బురేటర్ ఇంజను వేరు, ఎంపీఎఫ్ఐ వేరు. 796లోనే ఆరు వాల్వులది ఒకటి, పన్నెండు వాల్వులది ఇంకొకటి. మిక్సీ జార్లన్నీ ఒక్కలాగే కనిపించినా ఒక కంపెనీది ఇంకో కంపెనీదానికి పట్టదు కదా. మీ కారు ఏ సంవత్సరానిదో, ఏ రకమో ఆర్సీ జిరాక్సు చేతిలో పెట్టి పంపండి.

చెల్లెలి వాళ్ళకు మొదట ఒక ఇంజను 14,000కే దొరికింది. మరిదిగారు సంబరపడ్డారు. ఇంజను మీద నంబరు చెక్కి ఉండే చోట గీసి రుద్దినట్టుంది. బిల్లు అడిగితే "మనల మనకు బిల్లేంది అన్నా" అన్నాడట అమ్మేవాడు. ఈవిడ ఫోనులోనే వద్దంది. ఎందుకంటే ప్రతి ఇంజనుకూ ఒక నంబరుంటుంది, మన ఆర్సీలో చాసిస్ నంబరుతో పాటు అదీ రాసి ఉంటుంది. నంబరు గీకేసిన ఇంజను ఎవరి ఇంటి ముందు నుంచి ఎత్తుకొచ్చిన కారుదో మనకేం తెలుసు? దొంగ సొత్తని నమ్మడానికి కారణం ఉండి కూడా కొంటే చట్టం దృష్టిలో మనదీ నేరమే. "చవగ్గా వచ్చింది సార్" అని పోలీసులకు చెబితే అదే అనుమానానికి మొదలవుతుంది. రేపు ప్రమాదం జరిగి బీమావాళ్ళు వచ్చి చూసినప్పుడు, ఎల్లుండి కారు అమ్మబోయినప్పుడు, రెన్యూవల్‌కు తీసుకెళ్ళినప్పుడు, మూడుచోట్లా ఆ నంబరే చూస్తారు.

వారం ఆగాక రెండోది దొరికింది. యాక్సిడెంటులో వెనక భాగం నుజ్జయిన కారుది, ముందు ఇంజను చెక్కుచెదరలేదు. ధర 20,000. ఆ కారు ఆర్సీ కాపీ, ఇంజను నంబరు రాసిన బిల్లు ఇచ్చాడు. అక్కడే కంప్రెషన్ చూపించాడు. 6,000 ఎక్కువ పెట్టి అదే కొన్నారు. నేనైతే ఆ 6,000ను ఖర్చు అనను.

కొన్నాక కాగితం పని ఉంది. మెకానిక్‌లు చాలామంది దీని ఊసెత్తరు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇంజను మార్పు సంగతి చెబుతుంది. ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకుని మార్చడం మేలు. అలా తీసుకోకుండా మార్చి ఉంటే 14 రోజుల్లో ఆ సంగతి తెలియజేసి, ఆర్సీ ఇచ్చి, రుసుము కట్టి, కొత్త నంబరు రాయించుకోవాలి. సిద్దిపేటలోనే జిల్లా ఆఫీసు ఉంది కాబట్టి సంగారెడ్డి పరుగులు మనకు తప్పాయి. తర్వాత బీమా పాలసీలో కూడా నంబరు మార్పించండి. కారు మీద ఫైనాన్సు ఉంటే వాళ్ళకూ ముందే చెప్పాలి.

షెడ్డుతో మాట్లాడుకునేటప్పుడు నోటి లెక్క వద్దు. ఏ సామానుకు ఎంత, కూలి ఎంత, ఎన్ని రోజులు, తర్వాత తేడా వస్తే ఎన్ని నెలలు చూస్తాడు, ఇదంతా ఒక కాగితం మీద రాసివ్వమనండి. మంచి మెకానిక్ రాసిస్తాడు. డబ్బంతా ఒకేసారి ఇవ్వకండి. సామానుకు కొంత, ఇంజను బిగించాక కొంత, బండి ఒక వారం తిరిగాక మిగతాది. పాత ఇంజను మీదే, మర్చిపోకండి. తుక్కు కింద అమ్మినా బరువుకు డబ్బొస్తుంది. లేదా కూలిలో తగ్గించమనండి.

ఇంజను కిందికి దింపినప్పుడే చేయించుకోవాల్సిన పనులు కొన్నున్నాయి. క్లచ్ ప్లేటు, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, ఆయిల్ సీళ్ళు, రబ్బరు గొట్టాలు. సంపు ఖాళీ అయినప్పుడే కడుక్కున్నట్టు. ఇప్పుడు వదిలేస్తే ఆరు నెలలకు క్లచ్ కోసం మళ్ళీ అదంతా విప్పాలి, కూలి రెండోసారి. రేడియేటర్ కడిగించి, ఫ్యాను తిరుగుతోందో లేదో మీ కళ్ళతో చూసి, కొత్త కూలెంట్ పోయించండి. పాత ఇంజనును చంపిన రోగం అలాగే ఉంటే కొత్తదాన్నీ చంపుతుంది.

ఒక మాట పక్కకు. ఖర్చు కలిసొస్తుందని వంటింటి సిలిండరు గ్యాసును కారుకు వాడేవాళ్ళు ఉన్నారు. అది చట్టవిరుద్ధం, అంతకు మించి ప్రాణాంతకం. మీ ఇంట్లో సిలిండరు నెల తిరక్కుండానే అయిపోతుంటే కారు డిక్కీలో ఒకసారి చూడండి.

బండి ఇంటికొచ్చాక మొదటి వెయ్యి కిలోమీటర్లు బాలింతను చూసుకున్నట్టు చూసుకోవాలి, ముఖ్యంగా బోరు కొట్టించిన ఇంజనును. గంటకు 50, 60 దాటించొద్దు. గేరు వేసి లాగించొద్దు, పదిమందిని ఎక్కించొద్దు. ఒకే వేగంతో గంటలకొద్దీ పోకుండా కాస్త పెంచుతూ తగ్గిస్తూ నడపాలి. 500 నుంచి 1,000 కిలోమీటర్ల లోపు ఆయిల్, ఫిల్టరు మార్పించాలి, ఎందుకంటే కొత్త రింగులు సర్దుకునేటప్పుడు రాలిన ఇనుప రజను అందులోనే ఉంటుంది. ఆదివారం ఆదివారం, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఆయిల్ పుల్ల లాగి చూడటం, కూలెంట్ డబ్బాలో మట్టం చూడటం అయిదు నిమిషాల పని. మా చెల్లెలు ఆ పని తనే చేస్తోంది. పాల లెక్క పుస్తకంలోనే వెనక పేజీల్లో తేదీ, కిలోమీటర్లు రాసి పెడుతోంది. మొన్న ఫోను చేస్తే 840 దగ్గరుందని చెప్పింది. ఈ శనివారం అత్తగారిని డయాలసిస్‌కు దించాక ఆయిల్ మార్పిస్తారట.